గట్టు మీద పసుపు చీర

ఆ శనివారం గురవమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున ఎనిమిదింటికి కృష్ణపట్నం రేవులో ఓడెక్కాలి. పదింటికి ఆ ఓడ తమ ఊరు సరుగుడుపాలెం ముందు నుంచి పోతుంది. అప్పుడు పై అంతస్తులో నిలబడి, తన ఊరు సముద్రం మీద నుంచి ఎలా ఉంటుందో చూడాలి. గట్టు మీదికి వచ్చే ఆడవాళ్ళకు చెయ్యి ఊపాలి. అంతే. ఆ తర్వాత రెండు రోజులూ ఓడ ఏ బీచ్‌లో ఆగినా, ఆగకపోయినా ఆవిడకు ఒకటే.

టిక్కెట్లు కొన్నవి కావు. నెల్లూరులో కూతురు రోజారమణి ఒక ఎర్ర చీర కొంటే లక్కీ డ్రాలో తగిలాయి. రెండు రాత్రులు, నాలుగు బీచ్‌లు, ఇద్దరు మనుషులు. ఫ్రిజ్ కోసం చూసిన రోజారమణి ఉసూరుమని, టిక్కెట్లనూ చీరనూ కలిపి తల్లి చేతిలో పెట్టింది.

చేపలు పట్టేవాడి పెళ్ళానికి ఓడెక్కడం అంత సంబరమా అని ఎవరైనా అడగవచ్చు. అడిగేవాళ్ళకు ఆ ఊరి కట్టుబాట్లు తెలియవు. సరుగుడుపాలెంలో ఆడది పడవెక్కదు. ఎక్కితే ఆ పడవకు చేప పడదు. పడవంతా కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, గంగమ్మకు కోడిని కోస్తే తప్ప అది మళ్ళీ నీళ్ళలోకి దిగదు. పడవ తెచ్చిన చేపల్ని ఆడది నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్మవచ్చు, వలలు బాగుచేయవచ్చు, ఆయుధపూజకు పడవ ముందు ముగ్గు వేయవచ్చు. కాలు మాత్రం పెట్టకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. సముద్రం మీద జరిగింది గడప లోపల మాట్లాడకూడదు. కాబట్టి నలభై ఏళ్ళ కాపురంలో ముత్యాలయ్య పెళ్ళానికి సముద్రం గురించి చెప్పింది ఒకే ఒక్క మాట.

అది పెళ్ళైన కొత్తలో చెప్పాడు. మొగుడు మొదటిసారి వేటకు పోతుంటే గురవమ్మ ఏడ్చింది. "నేను గట్టున నిలబడితే నీకు కనపడతానా?" అని అడిగింది.

"ఎందుకు కనపడవు? పసుపు చీర కట్టుకొని నిలబడు. అలలు దాటినాక గూడా కనపడతావు," అన్నాడు ముత్యాలయ్య.

పడవ కనుమరుగయ్యేదాకా ఇంటి ఆడది గట్టు మీద నిలబడాలన్నది ఎలాగూ ఆ ఊరి ఆచారమే. మిగతా ఆడవాళ్ళు పడవ అలలు దాటగానే కొంగు దులుపుకొని ఇళ్ళకు పోయేవారు. గురవమ్మ మాత్రం కదిలేది కాదు. జ్వరంలో నిలబడింది. తొమ్మిదో నెల కడుపుతో నిలబడింది. తల్లి పోయిన కబురు వచ్చిన రోజు, మొగుడు చూస్తే బెంగపడతాడని, పడవ కనుమరుగయ్యాకే ఏడ్చింది. అలా నిలబడి నాలుగు పసుపు చీరలు చివికిపోయాయి. ఇప్పుడున్నది ఐదోది. ఇంట్లో ఉన్న పసుపు చీర అదొక్కటే.

"ఎర్ర చీర కట్టుకున్నావు గదా, మళ్ళా దాన్నెందుకు సర్దతా ఉండావు?" అన్నాడు ముత్యాలయ్య బయలుదేరేటప్పుడు.

"ఉండనీలే. సముద్రం కాడికి అది లేకుండా ఎప్పుడు పొయ్యినా?" అంది గురవమ్మ.

ఓడ మూడంతస్తులది. ప్రవీణ్ అనే మేనేజరు మైకు పట్టుకొని అందరికీ స్వాగతం చెప్పి, లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో రెండుసార్లు చూపించాడు. "సముద్రం గురించి నాకు నేర్పతా ఉండాడు చూడు," అని ముత్యాలయ్య మీసం మీద చెయ్యి వేశాడు. గంట తిరక్కుండా ఆ చెయ్యి నోటి మీదికి దిగింది. తుఫాను అలలకు కూడా తొణకని మనిషికి ఆ ఏసీ చలీ, కార్పెట్ వాసనా, కాళ్ళ కింద ఉందో లేదో తెలియని ఊపూ పడలేదు. పోయి బాత్‌రూములో గడియ పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళ పేరు పోతుందన్న భయంతో వాంతిని కూడా చప్పుడు కాకుండా చేసుకున్నాడు.

ఆ విధంగా పదింటికి పై అంతస్తులో గురవమ్మ ఒక్కతే మిగిలింది. ఎదురుగా సన్నగా ఇసుక, దాని మీద నల్లగా సరుగుడు తోపు, తోపు పక్కన తుఫాను షెల్టరు తెల్లగా అగ్గిపెట్టెంత. ఊరు అదేనని గుర్తుపట్టి మురిసిపోయింది. మనుషులు మాత్రం ఎవరూ లేరు. మాటిచ్చి రాలేదే అని పక్కింటి గంగాభవానికి ఫోను చేసింది.

"యాడుండారే మీరు?"

"గట్టు మీదే గదక్కా. పద్నాలుగు మందిమి ఉండాం. ఇందాకట్నుంచి చేతులూపతా ఉండాం. నువ్వేడ?"

"నేను పైనే నిలబడి ఊపతా ఉండా!"

"ఓడ కనపడతా ఉండాదక్కా. నువ్వే కనపడలా."

గురవమ్మకు తన మీదే కోపం వచ్చింది. ఎర్ర చీర కట్టుకొని వస్తే ఎలా కనపడుతుంది? దూరానికి ఆనేది పసుపు చీర. ఆ సంగతి ఆయన నలభై ఏళ్ళ కిందటే చెప్పాడు. గబగబా కిందికి పోయి సంచిలోంచి చీర తెచ్చింది. చేత్తో ఊపితే చాలదని, మెట్ల పక్కన ఉన్న నేల తుడిచే కర్ర కొసకు దాన్ని గట్టిగా కట్టింది. ఫోను స్పీకరులో పెట్టి రొంటిన దోపి, కర్రను రెండు చేతులా పైకెత్తింది. గాలికి చీరంతా బారుగా విచ్చుకుంది.

"కనపడినావక్కా! పసుపు చీర కనపడింది!" అని రొంటిన గంగాభవాని కేకపెట్టింది. వెనక పదమూడు గొంతులు ఈలలూ కేకలూ అందుకున్నాయి.

గురవమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన చెప్పింది అక్షరాలా నిజమనుకొని కర్రను ఇంకాస్త పైకెత్తింది.

ఆ పసుపు చీరను ఇంకొందరు కూడా చూశారు. ఓడకు అవతలి వైపు మైలు దూరంలో సరుగుడుపాలెం పడవలు ఏడు వలలు వేసుకొని ఉన్నాయి. సముద్రం మీద కర్రకు గుడ్డ కట్టి ఎత్తితే ఒక్కటే అర్థం. ప్రాణాల మీదికి వచ్చింది, ఉన్నవి ఉన్నట్టు వదిలేసి రండి. ఆ తీరంలో మీసం మొలిచిన ప్రతివాడికీ ఆ గుర్తు తెలుసు. సముద్రం మాట గడప లోపల ఎత్తకూడదు గనక ఆడవాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

ఊరి కట్టుబాట్లు చూసే పెదకాపు పోలేరయ్య ముందుగా లేచి కొత్త వలను కత్తితో కోసేశాడు. మిగతావాళ్ళూ కోసేశారు. ముత్యాలయ్య తమ్ముడి కొడుకు శివ ఒక్కడు మాత్రం, వల మీద మమకారం కొద్దీ, కోయకుండా దాన్ని వెనకాల ఈడ్చుకుంటూనే వచ్చాడు. ఏడు పడవలూ ఇంజన్లు అరిపించుకుంటూ ఓడ మీదికి ఉరికాయి.

ప్రయాణికుల్లో సగం మంది ఇది కూడా టిక్కెట్టులో కలిసిందే అనుకొని చప్పట్లు కొట్టారు. ప్రవీణ్‌కు అసలు సంగతి తెలియకపోయినా మైకులో, "మన మత్స్యకార సోదరుల సాదర స్వాగతం" అని ప్రకటించాడు. పడవలు దగ్గరికొచ్చి, మనుషుల చేతుల్లో కత్తులూ తాళ్ళూ కనపడేసరికి మైకు కట్టేశాడు. మిగతా సగం మంది ప్రయాణికులు గాజులు తీసి సాక్సుల్లో దాచుకున్నారు.

ఇంతలో శివ ఈడ్చుకొచ్చిన వల ఓడ అడుగున తిరిగే చక్రానికి చుట్టుకుంది. ఓడ ఒకసారి మూలిగి ఆగిపోయింది. అంతవరకూ లేని ఆపద అప్పుడు నిజంగా వచ్చింది. కెప్టెన్ సైరన్ మోగించి, మెరైన్ పోలీసులకు కబురు చేశాడు. అందరూ లైఫ్ జాకెట్ల కోసం ఒకరి మీద ఒకరు పడ్డారు. బాత్‌రూము గడియ తీసుకొని ముత్యాలయ్య కూడా బయటికి పరుగెత్తుకొచ్చాడు. ఆయన తొడుక్కున్న జాకెట్ ముందుది వెనక్కి తిరిగి ఉంది.

"ఎవురయ్యా మునిగింది?" అని కింద నుంచి పోలేరయ్య అరిచాడు.

"ఎవురూ మునగలా పెదకాపా," అని గురవమ్మ పైనుంచి జవాబు చెప్పింది. "గంగాభవానోళ్ళకి కనపడాలని నేనే ఎత్తినా."

ఏడు పడవల ఇంజన్లూ ఒక్కొక్కటే ఆగాయి. పోలేరయ్య తన చేతిలో కత్తిని చూసుకున్నాడు. "కొత్త వలమ్మా," అన్నాడు. "నిన్ననే దించినాం."

ప్రవీణ్ ముత్యాలయ్య దగ్గరికి వచ్చి, "సార్, ఆ మేడం మీవాళ్ళేనా?" అని అడిగాడు. కాదంటే ఎలా ఉంటుందా అని ముత్యాలయ్య ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడు. కింద ఊరంతా చూస్తోంది. పైన ఓడంతా చూస్తోంది. ఆ సిగ్గంతా మంటై పెళ్ళాం మీదికి మళ్ళింది.

"బుద్ధుండాదామే నీకు? ఇంత దూరానికి మడిసి కనపడతాడా? నలభై ఏళ్ళుగా తిరగతా ఉండా ఈ నీళ్ళ మీద. అలలు దాటినాక గట్టు మీద ఏనుగుని నిలబెట్టినా కనపడదు!"

గురవమ్మ కర్ర కిందికి దించింది.

"ఏనుగు గూడా కనపడదా?"

"కనపడదు!"

"పసుపు చీర కట్టుకున్నా?"

ముత్యాలయ్య జాకెట్ ముడి కోసం వీపు తడుముకున్నాడు. ఆ తడుములాట ఎందుకో కింద పడవలో ఉన్న శివకు అర్థం కాలేదు. ఇద్దరు పిల్లల తండ్రి అయినా వాడికి ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియదు. పెద్దమ్మకు తెలియని సంగతి చెబుదామని ముందుకొచ్చాడు.

"అసలు ఎనక్కి తిరిగి చూసేదే లేదు గద పెద్దమ్మా. యేటకి పొయ్యేవాడు గట్టు తట్టు చూస్తే అరిష్టం. తెలీదా నీకు?"

గురవమ్మకు ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వేసింది. తర్వాత జ్వరంలో నిలబడ్డ రోజు, కడుపుతో నిలబడ్డ రోజు, తల్లి కోసం ఏడుపు దిగమింగుకున్న రోజు వరసగా గుర్తొచ్చాయి. నలభై ఏళ్ళు తను ఎవరి కోసం నిలబడిందో వాడు ఒక్కసారి కూడా చూడలేదు. చూసినవి ఇసుక మీది కాకులు. వాటికి పసుపు చీరైతేనేం, ఎర్ర చీరైతేనేం అని మనసు మండిపోయింది.

వల తప్పించడానికి మధ్యాహ్నం అవుతుందని తేలాక, కెప్టెన్ ఈ దంపతులను దించేయమన్నాడు. ఏడు పడవలు పక్కనే ఉన్నాయి గదా అన్నాడు. ఆ మాట వినగానే పోలేరయ్య తల అడ్డంగా ఊపాడు.

"ముత్యాలయ్య దిగొచ్చు. ఆయమ్మని ఎక్కించుకునేది లేదు. కట్టుబాటు."

"నన్ను కాపాడను వొచ్చినారు గదా పెదకాపా?" అంది గురవమ్మ.

"కాపాడను వొచ్చినాం. ఎక్కించుకోను గాదు."

"నిజంగా మునిగి ఉంటే ఏం చేసేవాళ్ళు?"

పోలేరయ్య నిజాయితీగా ఆలోచించాడు. "తాడు ఏసేవాళ్ళం. పట్టుకొని ఎనకాలే రమ్మనేవాళ్ళం," అన్నాడు.

ఈ మాటలు సాగుతుండగానే ముత్యాలయ్య నిచ్చెన దిగి శివ పడవలో కూర్చున్నాడు. వల తాడు తెంచుకొని పడవ కదిలింది. ఆచారం ప్రకారం ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

అరగంటకు మెరైన్ పోలీసులు వచ్చారు. ఎస్సై గురవమ్మ చెప్పిందంతా రాసుకొని, నవ్వాలో కేసు పెట్టాలో తేల్చుకోలేక, పైవాళ్ళను అడిగి చెబుతానన్నాడు. నేల తుడిచే కర్ర ఓడ వాళ్ళది గనక వాళ్ళకిచ్చేశాడు. పసుపు చీరను మాత్రం మడిచి, చీటీ అంటించి, సాక్ష్యం కింద పెట్టెలో పెట్టాడు. తర్వాత ఆవిడను తమ బోటులోనే సరుగుడుపాలెం గట్టున దించారు. ఆ తీరంలో ఆడదాన్ని ఎక్కించుకోవడానికి అభ్యంతరం లేని పడవ అదొక్కటే.

గట్టు మీద పద్నాలుగు మందీ ఇంకా నిలబడే ఉన్నారు. గంగాభవాని ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "బాగా కనపడినావక్కా," అంది. గురవమ్మ చేతులు విడిపించుకొని ఇంటికి నడిచింది.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఊరికి తప్పు కింద కోడినిచ్చి, వలలు బాగుచేసే పనికి ఒప్పుకొని ముత్యాలయ్య బయటి గొడవలన్నీ సర్దుకున్నాడు. ఇంటి గొడవ మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాడు. మూడో రోజు తెల్లవారుతుండగా వేటకు బయలుదేరి, గడప దగ్గర ఆగి తటపటాయించాడు.

"గట్టుకి వొస్తావా?"

"పో. వొస్తాలే," అని దుప్పటి లోపలి నుంచి వినపడింది.

పడవ అలలు దాటింది. అరిష్టమైతే అయిందని ముత్యాలయ్య ఆ రోజు మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. ఇసుక ఉంది. సరుగుడు తోపు ఉంది. కళ్ళు చికిలించి ఎంతసేపు చూసినా మనిషి ఉన్నదీ లేనిదీ తెలియలేదు. వల లాగినంతసేపూ అదే ఆలోచించాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని కంచం ముందు కూర్చున్నాడు.

గురవమ్మ అన్నం పెట్టింది. చేపల పులుసు పోస్తూ, "కనపడినానా?" అని అడిగింది.

ముత్యాలయ్య ముద్ద కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు.

"ఎందుకు కనపడవు?" అన్నాడు చివరికి. "పసుపు చీర కట్టుకొని, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉండావు గదా."

గురవమ్మ ఇంకో గరిటె పులుసు పోసింది. పసుపు చీర మెరైన్ స్టేషన్ బీరువాలో, చీటీతో సహా భద్రంగా ఉంది.