గెలవకుండా కాపాడే టికెట్టు

ముందుచూపు గారికి ఆ పేరు పెట్టినవాళ్ళు వెటకారానికే పెట్టారు. ఎండాకాలమంతా గొడుగు మోసి, తీరా వాన పడే రోజున దాన్ని ఎక్కడ పెట్టానా అని వెతుక్కునే మనిషి ఆయన. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు, తామున్న బిల్డింగు సంఘానికి కార్యదర్శి కూడా. లోకంలో అందరి తప్పులూ కంటబడతాయి, సొంతవి తప్ప.

ఆయన ఇంట్లో ఒక గడియారం ఉంది. ఉంది అనడం కంటే, ఆయనే దాని ఇంట్లో అద్దెకున్నారనడం న్యాయం. మనిషి ఎత్తును మించిన ఆ గడియారాన్ని భార్య అన్నగారు ఏదో వేలంలో పాడుకుని కానుకగా పంపారు. పావుగంటకోసారి గంటలు కొడుతుంది గానీ దానికి లెక్క రాదు. మూడింటికి పదకొండు కొడుతుంది. పదకొండింటికి మొహమాటపడి రెండుతో సరిపెడుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆయనకు కునుకు పట్టిందా, ఏకబిగిన పదిహేడు!

"ఏమోయ్, దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా?" అన్నారొకసారి.

"మావాళ్ళు ప్రేమగా ఇచ్చినవన్నీ ఇచ్చేస్తారా? అయితే నన్నూ ఇచ్చేయండి. నన్నిచ్చిందీ వాళ్ళేగా!"

ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. ఆవిడ అడిగే ప్రశ్నలకు ఆయన దగ్గర జవాబు ఎప్పుడూ సున్నాయే.

ఇలా ఉండగా ప్రెస్సుకు లాటరీల చరిత్ర మీద ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. దాని ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ ముందుచూపు గారు కుర్చీలోంచి ఎగిరి గంతేశారు. సాయంత్రం ఇంటికి రావడమే ఉపన్యాసంతో వచ్చారు.

"పూర్వం ఊళ్ళకు ఊళ్ళే లాటరీలు వేసి కోటగోడలు కట్టుకున్నాయటోయ్! వంతెనలు, పెద్ద పెద్ద విద్యాలయాలు, అన్నీ లాటరీ సొమ్మే! మన బిల్డింగు లిఫ్టు చూడు. ఎనిమిది నెలలుగా మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య త్రిశంకు స్వర్గంలో వేలాడుతోంది. ఒక్క లాటరీ వేస్తే కిందికి దిగదూ?"

"మా బళ్ళో ఒకటో తరగతి సీట్లు కూడా చీటీలు తీసే ఇస్తున్నారు" అంది ఆవిడ బట్టలు మడతపెడుతూ. "సీటు రాని పిల్ల తల్లి ఏడుస్తుంటే మంచినీళ్ళిచ్చింది నేనే. ఓడిపోయినవాళ్ళ సంగతి ఉందా మీ పుస్తకంలో?"

"అది రెండో భాగంలో ఉంటుంది. ప్రూఫులు ఇంకా రాలేదు."

"సరే, బహుమతి ఏం పెడతారు?"

ముందుచూపు గారు కిటికీలోంచి ఆకాశం చూశారు. "సంఘసేవ కదా... త్యాగం మన ఇంటినుంచే మొదలవ్వాలి. పోనీ, ఆ గడియారం..."

ఆవిడ చేతిలో చొక్కా ఒక్క క్షణం ఆగింది. "మంచి పనికైతే మా అన్నయ్య కూడా సంతోషిస్తాడు. కానివ్వండి" అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు భయపడాలని ఆయనకు తోచలేదు.

మర్నాడు టికెట్ల పుస్తకం పట్టుకుని తలుపు తలుపూ తట్టారు. మొదట రిటైరైన స్టేషన్ మాస్టరు.

"గెలిస్తే?" అన్నాడాయన అనుమానంగా.

"గడియారం మీదే!"

"అదే భయం బాబూ. గోడకు అవతల ఉంటేనే రోజుకు నాలుగుసార్లు లేచి పచ్చజెండా వెతుక్కుంటున్నాను. ఇవతలికి వస్తే బతుకుతానా?"

పళ్ళ డాక్టరమ్మ, "మా ఇంట్లో అరుపులకు కొదవ లేదండీ" అని తలుపేసేసింది. కింది అంతస్తు దర్జీ మాత్రం టేపు మెళ్ళో వేసుకుని మర్యాదగా బయటికి వచ్చాడు.

"టికెట్టు కొనలేను గానీ సార్, అది నాకు తగలదని రాసిస్తే, ఆ డబ్బేదో ఇప్పుడే ఇచ్చుకుంటాను."

ముందుచూపు గారు కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరారు. ఒక్క టికెట్టూ తెగలేదు. దర్జీ మాట విని భార్య కళ్ళు మెరిశాయి.

"అయితే అదే అమ్మండి!"

"ఏది?"

"తగలకుండా ఉండటం. బిల్డింగులో పెద్దవాళ్ళం ముప్పై ఆరుమందిమి. అందరి పేర్లూ చీటీలు రాసి డబ్బాలో వేద్దాం. టికెట్టు కొన్నవాళ్ళ చీటీ తీసేద్దాం. మిగిలినవాళ్ళలో ఒకరికి గడియారం. ఆశ అమ్ముడుపోని చోట భయం అమ్ముకోవాలండీ."

"చరిత్రలో ఇలాంటి లాటరీ లేదోయ్!"

"మూడో భాగంలో ఉంటుంది లెండి. ఇదిగో, ఇంటిదాన్ని, ముందు బోణీ నాది." ఆవిడ మొదటి టికెట్టు కొని, తన చీటీ తనే చింపేసింది.

ఆ సాయంత్రం బిల్డింగులో తొక్కిసలాట జరిగింది. స్టేషన్ మాస్టరు చెప్పులు మరిచిపోయి పరిగెత్తుకొచ్చాడు. డాక్టరమ్మ కుర్చీలో నోరు తెరిచిన రోగిని అలాగే వదిలేసి వచ్చింది. ఆ రోగి ఈ బిల్డింగువాడు కూడా కాదు. అయినా అరగంటకు అతనూ నోట్లో దూదితో వచ్చి, "నాకూ వొకతి" అని బతిమాలాడు.

ముందుచూపు గారికి అమ్మడమే తప్ప ఊపిరి తీసుకునే తీరిక లేదు.

"ముప్పై అయిదు పేర్లు తీసేశామోయ్! ఇంకొక్కటే మిగిలింది! ఎవరో పాపం మతిమరుపు మనిషి!" అని పొట్ట పట్టుకుని నవ్వారు.

"అవునండీ, పాపం" అంది ఆవిడ.

ఆదివారం పొద్దున మెట్ల దగ్గర అందరూ చేరారు. చప్పట్ల మధ్య ముందుచూపు గారు డబ్బాలో చెయ్యి పెట్టి, ఉన్న ఒక్క చీటీనే మూడుసార్లు కలిపి, పైకి తీసి, గొంతు సవరించుకుని గట్టిగా చదివారు. సగం చదివి, చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశారు. అది ఆయన పేరే.

"ఇందులో ఏదో అచ్చుతప్పు..." అని గొణిగారు.

"ఒక్క అక్షరం కూడా తప్పు లేదండీ. నేనే రాశాను" అంది భార్య. "చరిత్ర అంతా దిద్దారు కదా, లాటరీ నడిపినవాడు ఓడిపోయిన సందర్భం ఎక్కడైనా ఉందా? మీరే గెలిచారు!"

లిఫ్టు బాగయింది. గడియారం కదల్లేదు. కార్యదర్శి పదవి మాత్రం లెక్కల టీచరుకు వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే నీళ్ళ మోటారు కాలిపోయింది. ఆవిడ మెట్ల కింద బల్ల వేసుకుని, టికెట్ల పుస్తకంతో కూర్చుంది. ఈసారి ముందుచూపు గారు మోసపోదలచుకోలేదు. ప్రెస్సుకు సెలవు పెట్టి, అందరినీ మోచేతులతో తోసుకుంటూ వరసలో మొదట నిలబడ్డారు.

"బహుమతి ఏమిటో అడగరా?"

"ఏదైతే నాకేం? ముందు నా చీటీ చింపు!"

ఆవిడ చింపింది. వెనకున్నవాళ్ళు కూడా వేడిపాలకు మూతి కాలిన పిల్లుల్లా భయపడి ఏమీ అడక్కుండా కొనేశారు. అందరివీ అయ్యాక ముందుచూపు గారు గుండెలమీద చెయ్యి వేసుకుని, "ఇంతకీ బహుమతి ఏమిటోయ్?" అన్నారు తీరిగ్గా.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. దర్జీ, స్టేషన్ మాస్టరూ చెరోవైపు పట్టుకుని ఒక పడక్కుర్చీ దించారు. పదిహేనేళ్ళుగా ముందుచూపు గారి వీపు అచ్చు దిగిన కుర్చీ అది. ఇంట్లో ఇంకెవరినీ అందులో కూర్చోనిచ్చేవారు కాదు.

"అది నాది!" అన్నారాయన.

"మీ పేరు మీరే తీయించుకున్నారుగా."

"మరి డబ్బాలో మిగిలింది ఎవరు?"

ఆవిడ కుర్చీని ఎండ పడే వైపు జరుపుకుంది. చీర సర్దుకుని నెమ్మదిగా కూర్చుని, కాళ్ళు చాపి, కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది.

"అబ్బ! లాటరీ తగలడమంటే ఇదన్నమాటండీ" అంది.