తువ్వాలు పరచిన కుర్చీతో ఫియోనా టీచరు పోరు

శ్రీకరంబై, శుభకరంబై, ఒకప్రక్క వసిష్ఠ, మరొకప్రక్క వైనతేయ, గోదారి పాయలు రెండూ కావలి కాయుచుండ, నారికేళవనచ్ఛాయలలోనికి సూర్యభగవానుడు సైతం అనుమతి అడిగి అడుగుపెట్టెడి కోనసీమయందు, రాజోలుకు కూతవేటు దూరాన, ఒకానొక ఇంగ్లీషు మీడియం బడి వరండాలో, గురువారం మూడో పీరియడున, భూమ్యాకాశములు దద్దరిల్లు సమరమొకటి సంభవించెను. ఆలకించండర్రా, మధ్యలో లేవకండి.

ఆ సమరాన ఒకవైపు నిలిచినది ఐర్లండుదేశసంజాత, తామ్రకేశకలాప, ఆంగ్లభాషాధురంధర, ఫియోనా. పిల్లలకు ఇంగ్లీషులో మాట్లాడడం నేర్పుదామని ఏడు సముద్రాలు దాటి వచ్చిన పిల్ల. వచ్చి నాలుగు నెలలైంది. ఆవకాయను జయించెను, దోమలకు రక్తదానం చేసెను, వీపు నిండా చెమటకాయలతో తపస్సు చేసెను. అన్నీ అయినవి గాని, ఏడో తరగతి పిల్లలు ఇరవై ముగ్గురిలో ఒక్కరి చేతనైనా, అడక్కుండా, వాళ్ళంతట వాళ్ళుగా ఒక్క ఇంగ్లీషు మాట పలికించలేకపోయెను. అడిగితే "ఎస్ మేడమ్". అడక్కపోతే చేతులు కట్టుకుని మౌనవ్రతం. ఈ గురువారమూ నోరు విప్పకపోతే పెట్టె సర్దుకుని మా ఊరు పోతానని ఆ పిల్ల పొద్దున్నే పళ్ళు తోముకుంటూ భీషణశపథం పట్టెను.

జబ్బెక్కడుందో ఆమె కనిపెట్టకపోలేదు. తాను కుర్చీలో ఎత్తున కూర్చుంటే పిల్లల గొంతు పడిపోతున్నది. వాళ్ళ మధ్యన చాప మీద చతికిలబడితే నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. ఓస్, ఇంతే కదా, కూర్చోవచ్చు కదా అంటారా? అక్కడే ఉంది తిరకాసు.

రెండోవైపు నిలిచినవాడు అటెండరు ముసలయ్య. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆ బడికి వచ్చిన ఏ ఒక్కరినీ నిలువుకాళ్ళ మీద ఉంచి ఎరుగని అతిథిసత్కారదీక్షాకంకణబద్ధుడు. అతని ఆయుధం కుర్చీ. కుర్చీ అంటే ప్లాస్టిక్కుది కాదు. టేకుది, చేతులున్నది, ఇద్దరు మోయవలసినదైనా అతడొక్కడే మోయునది, నెమలిబొమ్మ తువ్వాలు పరచినది.

సోమవారం ఫియోనా వరండాలో నేల మీద కూర్చొనెను, కుర్చీ వచ్చెను. మంగళవారం బోరింగు పంపు వెనక కొబ్బరిచెట్ల చాటున కూర్చొనెను. ముసలయ్య నెత్తి మీద ఎక్కి కుర్చీ వచ్చెను. బుధవారం డాబా మీదికి పారిపోయి కూర్చొనెను. ఇరవైరెండు మెట్లూ ఎక్కి, గొడుగుతో సహా వచ్చెను.

ఇక గురువారం. వరండాలో తుంగచాప పరచి, ఆమె మోకాళ్ళు వంచీ వంచకముందే, వంటపాక వైపు నుండి, ప్రళయకాలమేఘంలాగా, నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తిన కుర్చీని శిరస్సున దాల్చి ముసలయ్య ఏతెంచెను. పిల్లలందరూ గబుక్కున లేచి చేతులు కట్టుకొనిరి.

"వద్దండీ ముసలయ్యగారూ," అన్నది ఫియోనా, నేర్చిన తెలుగంతా కూడదీసుకొని. "నాకు నేల ఇష్టమండీ."

"ఆయ్, మీరలాగే అంటారండి. మర్యాదస్తులు కదండి. కూర్చోండమ్మా."

"నిజంగా వద్దండీ."

"ఆయ్. తువ్వాలు కూడా ఉతికేనండి, పొద్దున్నే."

పాపం ఆ పిల్ల! మన సీమలో అతిథి అనే మొదటి వద్దు మర్యాద, రెండో వద్దు మొహమాటం, మూడో వద్దుకు అర్థం ఇంకొంచెం బతిమాలమని. మూడోసారి వద్దనేసరికి ముసలయ్య కుర్చీ దించి, తలగుడ్డ విప్పి, సింహనాదం చేసెను.

"ఏవండీ! ఏడు సముద్రాలు దాటొచ్చిన ఆడకూతుర్ని కటిక నేల మీద కూర్చోబెట్టేరని తెలిస్తే, రేపు రేవు దాటి నర్సాపురంలో మొహమెత్తుకు తిరగ్గలమాండీ? డీఈఓ గారు కూర్చున్న కుర్చీ అండి ఇది! ఇంటికెళ్తే మా ఆవిడ సత్యనారాయణమ్మ అడుగుద్దండి, టీచరమ్మగారికి కుర్చీ వేసేరా అని. ఏం చెప్పమంటారండీ? నేను బతికుండగా మీరు నేల మీద కూర్చోరండి. అంతేనండి!"

అంత ఫియోనా మనసులో అనుకొన్నది వాళ్ళ భాషలోనే గాని, మన భాషలో చెప్పుకుంటే యిట్లుండును: "ఓరీ చతుష్పాద దారుఖండమా! సముద్రములు నన్నాపలేదు, వీసా ఆఫీసు నన్నాపలేదు, పచ్చిమిరపకాయ బజ్జీ నన్నాపలేదు. నీవా నన్నాపెదవు?"

అప్పుడు తట్టెను, మెరుపు మెరిసినట్లు. నాలుగు నెలలుగా ఇంటింటా విస్తరి ముందు ఓడిపోతూ ఆమె ఒక పరమరహస్యం గ్రహించి యున్నది. ఈ గడ్డ మీద మర్యాదను వద్దనడం మానవమాత్రుల తరం కాదు. దానిని మర్యాదతోనే కొట్టవలెను. వెంటనే చున్నీకొంగుతో కుర్చీ దుమ్ము దులిపి, రెండు చేతులూ జోడించెను.

"మీరు పెద్దవారండీ. మీరు నిలబడి నేను కూర్చుంటే పాపమండీ. ముందు మీరు కూర్చోండి."

ముసలయ్య నెత్తిన పిడుగు పడెను. "నేనాండీ? వద్దండీ!"

"మీరలాగే అంటారండీ. మర్యాదస్తులు కదండీ."

"నిజంగా వద్దండీ బాబూ!"

"తువ్వాలు కూడా ఉతికేరు కదండీ."

మూడో వద్దు నోటి దాకా వచ్చి, దాని అర్థమేమిటో తనకే గుర్తొచ్చి, ముసలయ్య దానిని మింగివేసెను. ముప్పయ్యొక్క ఏళ్ళు మోసిన కుర్చీలో, మొట్టమొదటిసారి, విప్పిన తలగుడ్డ మళ్ళీ చుట్టుకొని, కాలిన పెనం మీద కూర్చున్నట్టు, అంచున కూర్చొనెను. ఆ మరునిమిషాన ఫియోనా చాప మీద చతికిలబడెను. పిల్లలూ కూలబడిరి.

అంతలో, హాజరు పలకడానికి తప్ప నోరు తెరిచి ఎరుగని సౌజన్య, నవ్వాపుకోలేక అన్నది కదా: "మేడమ్! ముసలయ్యగారు ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ ఛైర్!"

కుర్చీ మోసినవాడికి కుర్చీ అంటే భయమట! ఎవరూ అడగలేదు, ఎవరూ నేర్పలేదు. ఫియోనా కళ్ళలో నీళ్ళు తిరిగెను.

"నో, నో!" అని లేచెను ఆదిత్య. "హి ఈజ్ కింగ్!"

"వేర్ ఈజ్ క్రౌన్?"

"టవల్ ఈజ్ క్రౌన్!"

"ఏంటమ్మా, నన్నేనా అంటన్నారు?" అని ముసలయ్య అడుగుచుండగానే, గోదారి గట్టు తెగినట్లు, ఇరవై మూడు నోళ్ళ నుండి ఇంగ్లీషు వరదై పారెను. వంకరో టింకరో, అంతా వాళ్ళ సొంతం.

నాలుగో పీరియడు మొదలుకావలసిన వేళ దాటెను. గంట మోగలేదు. మోగదు మరి, కొట్టవలసినవాడు ముసలయ్యే కదా! హెడ్మాస్టరు వెంకటకృష్ణగారు పంచె ఎగ్గట్టి పరుగున వచ్చేరు. "ముసలయ్యా! గంటేదయ్యా?"

"మేడంగారు కూర్చోమన్నారండి," అన్నాడు ముసలయ్య, నెమ్మదిగా వెనక్కి ఆనుకొని, కుర్చీ చేతుల మీద చేతులు ఆన్చి. "లేవమని ఇంకా అన్లేదండి."

కావున దిక్కులు వినుగాక! పెట్టె సర్దుట రద్దాయెను. ఐర్లండు ఆడపడుచు ఫియోనా, ఒక పీరియడూ ఆ పైన పదిహేడు నిమిషాలూ, కటిక నేల మీద పరచిన తుంగచాప మీద, కూర్చున్నచోటు కదలకుండ కూర్చొనెను! ఆమెను ఎవ్వరూ లేపలేదు. కాళ్ళు తిమ్మిరెక్కి తానూ లేవలేకపోయెను.