ఇచ్చట పేలు చూడబడును

కాలేజీలో ఎవరికీ ఏ బాధా ఉండరాదని ప్రిన్సిపాలుగారు ఆజ్ఞ జారీ చేశారు. పొరపాటున ఉన్నవారి కోసం నర్సమ్మ గది ముందు బోర్డు పెట్టించారు: "మనసు బాగులేనివారు అందరికీ కనబడేలా ఇక్కడ వరుసలో నిలబడవలెను." ఎదురుగా క్యాంటీన్. ఒక్కరూ నిలబడలేదు.

"చూశారా సిస్టర్? మనవాళ్లంతా మహదానందంగా ఉన్నారు. సోమవారం నుంచి ఈ గదిలో విరిగిన కుర్చీలు పెట్టిస్తాను" అన్నారాయన.

నీళ్ల ట్యాంకు వెనక ఏడ్చేవాళ్లను నర్సమ్మ రోజూ చూస్తోంది. గది పోతే వాళ్లకిక ట్యాంకే దిక్కు.

ఆ మధ్యాహ్నం ఒక పిల్ల తల గోక్కుంటూ వచ్చింది. నర్సమ్మ స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి పేల దువ్వెన పెట్టింది. పేను కాదు కదా, ఈపి కూడా లేదు. "ఏమీ లేవే" అనబోయింది. అంతలో పిల్ల గోడకేసి చూస్తూ అందుకుంది.

"అక్కా, పరీక్ష మళ్లీ పోయింది. ఇంట్లో పాసయ్యానని చెప్పా. నిద్ర పట్టట్లేదు..."

నర్సమ్మ దువ్వెన ఆపలేదు. ముఖంలో ముఖం పెట్టి అడిగితే పెగలని మాట, తల దువ్వితే జారిపడింది.

సాయంత్రం బోర్డు తిప్పి రాసింది: "ఇచ్చట పేలు చూడబడును."

మర్నాడు వరుస గేటు దాటింది. నున్నగా క్రాపు కొట్టించుకున్నవాడూ వచ్చాడు.

"తమ్ముడూ, నీ తలలో పేను నిలబడ్డానికి చోటేదిరా?"

"ఉందక్కా. బాగా లోపల."

దువ్వెనకు లొంగనివాళ్లను, "పేలు ముదిరాయి" అని చెప్పి, తనే వెంటబెట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది.

ప్రిన్సిపాలుగారు హడలిపోయారు. అత్యవసర సభ జరిపారు. "బాధంటారా, అది వాళ్ల సొంత విషయం. పేలంటే కాలేజీ పరువు!" అని గర్జించారు. సభికులు చప్పట్లు కొడదామనుకున్నారు గాని, అందరిదీ ఒక చెయ్యి తలలో ఉండిపోయింది. వెంటనే నర్సమ్మకు ఇంకో గది, ఇంకో నర్సు, కొత్త ఫ్యాను మంజూరయ్యాయి. లైబ్రరీ పుస్తకాలకు మందు కొట్టారు. ఎవరూ తెరవరు గనుక ఇబ్బంది రాలేదు. విరిగిన కుర్చీలు మాత్రం ప్రిన్సిపాలుగారి గదికి చేరాయి.

ఒకనాడు అందరూ వెళ్లాక ఆయనే వచ్చారు.

"సిస్టర్, కాస్త ఆ తలుపెయ్యండి. నాకూ... కొంచెం దురదగా ఉంది."

నర్సమ్మ ఆ తలకేసి చూసింది. కడిగి బోర్లించిన గిన్నెలా తళతళలాడుతోంది. ఒక్క వెంట్రుక లేదు. ఆమె నవ్వలేదు. దువ్వెన అందుకుంది.

"కూర్చోండి సార్. ఎన్నాళ్ల నుంచి?"

తమరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. తల మీద ఆ చెయ్యెందుకు మరి?