స్ప్లాష్ ప్యాడ్‌లో పొడి నేల

ఒక సమాజం ఎంత ఎదిగిందో తెలియాలంటే దాని మేడలూ వంతెనలూ చూడనక్కర్లేదు; ఎండాకాలంలో ఒక పిల్ల నెత్తిన నాలుగు చుక్కలు పడటానికి ఎందరు పెద్దలు సంతకాలు పెట్టాలో చూస్తే చాలు. మా పార్కులో ప్రస్తుతం ఐదుగురు పెడుతున్నారు. ఆరో పోస్టు ఖాళీగా ఉంది.

మా స్ప్లాష్ ప్యాడ్ అంటే నేలలోని రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్మే చోటు. పోయిన వేసవిలో అక్కడ ఒకరు జారిపడ్డారు. (పిల్లలు కాదు, తనిఖీకి వచ్చిన అధికారి.) విచారణ సంఘం మూడు నెలలు తలలు బద్దలు కొట్టుకుని, నేల తడిగా ఉండటమే ప్రమాదానికి కారణమని తేల్చింది. దాంతో ‘పొడితనం అధికారి’ పదవి పుట్టింది. నేల పూర్తిగా ఆరిందని ఆయన సంతకం పెడితే గానీ నీళ్లు వదలరు. నీడ ఉంటే నేల ఆరదని పందిరి కూడా పీకేశారు.

మా అమ్మాయికి ఆరేళ్లు. పిల్లకు ఏడాదికి ఒక్కసారే అవకాశం, అదీ యాప్‌లో అడగాలి. ‘పాప తడిసే ప్రమాదం ఉందా?’ అన్న ప్రశ్నకు నేను ‘ఉంది’ అని రాసి రెండుసార్లు తిరస్కారం తెచ్చుకున్నాను. మూడోసారి మా ఆవిడ ఫోన్ లాక్కుని ‘లేదు’ అని నొక్కింది.

“మీ సత్యవాక్పాలన బడి తెరిచాక చేసుకుందురు గానీ,” అంది.

అనుమతి సెలవుల చివరి రోజుకు వచ్చింది. అమ్మాయి ముందురోజు రాత్రి ఈత కళ్లద్దాలు పెట్టుకునే పడుకుంది.

వెళ్లేసరికి వరుసలో మా ముందు ముప్పైమంది. లోపల తుడుపు పనిలో ఉన్న తాత ఒకాయన బకెట్లో గుడ్డ ముంచి, పిండి, నేల తుడుస్తున్నాడు. పొడితనం అధికారి వెనకాలే వంగి తెల్ల కాగితం అద్ది చూసి, “ఇంకా తడిగానే ఉంది, మళ్లీ తుడువు,” అంటున్నాడు. తాత మళ్లీ గుడ్డ ముంచాడు.

“నాన్నా, తాత తుడవడం ఆపేస్తే ఆరిపోతుంది కదా?” అంది అమ్మాయి.

“ఆపితే ఆయన ఉద్యోగం ఉండదమ్మా.”

రెండు గంటలు గడిచాయి. నా ఒళ్లు మండిపోతోంది, సగం ఎండకు, సగం కోపానికి. ఆ తర్వాత మాత్రం వరుస చకచకా కదిలింది. అది చూసి సంబరపడ్డాను గానీ, లోపల ఒక్క పిల్లయినా ఎందుకు కనబడటంలేదో ఆలోచించలేదు.

మా వంతు వచ్చింది. అధికారి మా అమ్మాయి వీపు మీద కాగితం అద్దాడు.

“పాప తడిసే ఉంది సార్.”

“చెమటండీ అది. రెండు గంటలుగా ఎండలో నిలబెట్టారు.”

“దేంతో తడిసిందో రాయడానికి ఫారంలో గడి లేదు. తడిసిందా లేదా, అంతే.” టిక్కు పెట్టాడు. “ఈ ఏటికి మీ పాపకు అయిపోయింది. వచ్చే ఏడు రండి.”

“అంకుల్, కొంచెం తుడుచుకుని రానా?” అంది అమ్మాయి, గౌనుతో మొహం రుద్దుకుంటూ. నేను బతిమాలాను, కేకలేశాను, మళ్లీ బతిమాలాను. ఆయన మా వెనకున్న పిల్లను రమ్మన్నాడు.

మా అమ్మాయిని ఎత్తుకుని బయటికొస్తుంటే, గేటు దగ్గర ఒక గుమాస్తా నిచ్చెనెక్కి బోర్డు మీద వేసవి నివేదిక రాస్తున్నాడు. జారిపడినవారు: లేరు. తడిసిన పిల్లలు: నాలుగు వందల పదమూడు. వాడిన నీళ్లు: ఒక బకెట్టు.