ప్రాణమైనా ఇస్తాం, ముక్క అడక్కండి

లివర్ల కొరత మనకు దొరికిన వరం! కాదనేవాళ్ళ ఇంట్లో ఎవరూ వెయిటింగ్ లిస్టులో లేరని నా గట్టి నమ్మకం.

మా చిన్న మామయ్యనే తీసుకోండి. టైలరు. కోట్లు కుట్టడంలో దిట్ట. జీవితమంతా మిషను ముందు కూర్చుని ఎవరి కంటా పడని మనిషి. లివర్ చెడిపోయిందని తెలిసిందో లేదో, మా వాళ్ళందరిలోకీ ముఖ్యుడైపోయాడు! ఎప్పుడో మాటలు మానేసిన వాళ్ళు సైతం పళ్ళ సంచులతో దిగారు. ఆరోగ్యంగా ఉంటే ఈ వైభవం వచ్చేదా?

మొదటిసారి ముక్కూ మొహం తెలియని పుణ్యాత్ముడెవరో పోతూ పోతూ తన లివర్ ఇచ్చిపోయాడు. ఆపరేషనైంది, మామయ్య మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. అంతే, వచ్చేవాళ్ళు వెనక్కి తిరిగి చూడలేదు. మర్చిపోనిది ఒక్క జబ్బే! కొత్త లివర్‌ని వెతుక్కుంటూ పాత జబ్బు వచ్చేసింది. కొన్ని జబ్బులు అంతేనట, డాక్టరమ్మ చెప్పింది. ఇంత నమ్మకంగా తిరిగొచ్చే చుట్టం మీకు ఒక్కరైనా ఉన్నారా?

మళ్ళీ లివర్ కావాలి. మళ్ళీ లిస్టు. మళ్ళీ ఇల్లు కళకళలాడింది!

ఒక ఆదివారం అందరూ హాల్లో చేరారు. డ్రైవింగ్ స్కూలు నడిపే పెద్ద మామయ్య తమ్ముడి చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, నీకోసం నా ప్రాణమైనా ఇచ్చేస్తాన్రా!" అన్నాడు. మా పిన్ని కూడా అన్నయ్యకు తన ప్రాణం ఇస్తానంది. బాబాయి ఊరుకుంటాడా? ఆయనదీ ఇచ్చేశాడు. పది జన్మలకు సరిపడా ప్రాణాలు పోగయ్యాయి.

చిన్నత్తయ్య కళ్ళు తుడుచుకుని, "ప్రాణాలెందుకు బావగారూ? లివర్‌లో ఒక ముక్క చాలంట. ఇచ్చినవాళ్ళకి మళ్ళీ పెరుగుతుందంట కూడా" అంది.

పిన్నికి ఇంట్లో స్టవ్ ఆర్పలేదని గుర్తొచ్చింది. బాబాయి చెప్పులు వెతుక్కున్నాడు. పెద్ద మామయ్య చాలాసేపు ఆలోచించి, "నేను రోజంతా క్లచ్ తొక్కాలి కదమ్మా!" అన్నాడు. లివరుకీ క్లచ్చుకీ ఏం సంబంధమని అడగకండి, ఆయన లైసెన్సున్న మనిషి. నన్ను మాత్రం పరీక్ష చేసి, ఫ్యాటీ లివర్, పనికిరాదు పొమ్మన్నారు.

తప్పు పట్టకండి. ప్రాణమంటే హాయిగా ఇవ్వొచ్చు, ఎవరూ పుచ్చుకోరు. ముక్కంటే పుచ్చుకుంటారే!

పోయిన నెల పెద్ద మామయ్య డ్రైవింగ్ స్కూలు మెట్ల మీద జారిపడ్డాడు. తలకు దెబ్బ. మెదడు చనిపోయింది, గుండె మాత్రం మెషీన్ల మీద కొట్టుకుంటోందన్నారు డాక్టర్లు. లివర్ భేషుగ్గా ఉందట. గ్రూపు కలిసింది. లిస్టులో మొదటి పేరు చిన్న మామయ్యదే. డాక్టరమ్మ చేతులు జోడించి మరీ అడిగింది.

"వద్దమ్మా. ఆయన నిండుగా వెళ్ళాలి. ఒంటి మీద గాటు పడ్డానికి వీల్లేదు" అంది పెద్దత్తయ్య. అందరూ తలలూపారు. చిన్నత్తయ్య ఏదో అనబోతే, "చావింట్లో బేరాలేంటి వదినా?" అని పిన్ని గదిమింది. ఇంత ఐకమత్యం మా ఇంట్లో అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు!

మెషీన్లు ఆపేశారు. ఆఖరి ప్రయాణానికి కొత్త కోటు కావాలన్నారు. ఇంకెవరు కుడతారు? కళ్ళు పచ్చబడి, కాళ్ళు వాచి, మధ్య మధ్యలో ఆయాసంతో ఆగుతూ చిన్న మామయ్యే కుట్టాడు. తొడిగాక వదులుగా ఉందని పెద్దత్తయ్య అంటే, కుడివైపు పక్కటెముకల దగ్గర గుడ్డ మడిచి, గుండుసూదులు గుచ్చి సరిచేశాడు. చెయ్యి అక్కడే కాసేపు ఉంచాడు.

"గుడ్డ ముక్క మిగిలితేనే నేను పారెయ్యను కదరా" అన్నాడు నాతో, మెల్లగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

మర్నాడు పెద్ద మామయ్యను కోటుతో సహా, ఆ భేషైన లివర్‌తో సహా కాల్చి బూడిద చేశాం. ఒంటి మీద గాటు ఒక్కటి కూడా లేదు.