ఇల్లాలికి కాస్త అణుధార్మికత

ప్రతి ఇంటి ఇల్లాలికీ ఏడాదికి ఒక్కసారైనా కాస్త అణుధార్మికత ఎక్కించాలి! నవ్వకండి. నేను తమాషాకి అనే మనిషిని కాను. కళ్ళారా చూసి, బాధ్యతగల పౌరుడిగా చెబుతున్నాను.

మా అక్కకు భోజనం చేసిన కాసేపటికల్లా కుడి డొక్కలో మెలిపెట్టే నొప్పి వచ్చేది. నొప్పి ఆమెదే అయినా, దాని సంగతి ఆమెకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. "గ్యాసు" అనేవాడు మా బావ, పేపర్లోంచి తలెత్తకుండా. "నాకూ ఉండేది, పనిలో పడితే అదే పోయింది" అనేది అత్తగారు. అల్ట్రాసౌండ్ తీయిస్తే రాళ్ళూ లేవు, రప్పలూ లేవు. ఇంకేం! రాయి లేని నొప్పి నొప్పే కాదని తీర్మానించి, అక్కను మళ్ళీ వంటింట్లోకి పంపారు. ఒక చేత్తో డొక్క నొక్కుకుని, రెండో చేత్తో గరిటె తిప్పేది.

ఆఖరికి ఒక డాక్టరమ్మ న్యూక్లియర్ స్కాన్ రాసింది. ఆహా, ఏం స్కానండీ అది! ముందు కడుపు మాడ్చుకోవాలి. తర్వాత చేతి నరానికి రవ్వంత అణుధార్మిక మందు ఎక్కిస్తారు. కాలేయం దాన్ని పైత్యరసంలోకి వదులుతుంది. ఆ రసం నాళాల్లోంచి పిత్తాశయానికీ, పేగులకూ వెళ్ళే దారంతా పైనున్న గామా కెమెరా కనిపెడుతూ ఉంటుంది. రోగి చేయవలసిందల్లా గంటకు పైగా కదలకుండా పడుకోవడం. పెళ్ళయ్యాక మా అక్క పగటిపూట అంతసేపు నడుం వాల్చడం అదే మొదటిసారి! ఆ చల్లటి గదిలో, ఇరుకు బల్ల మీద, హాయిగా గుర్రుపెట్టింది. టెక్నీషియన్ లేపి "అయిపోయిందమ్మా, దిగండి" అంటే, "అప్పుడేనా?" అంది.

అతను బావకు జాగ్రత్తలు చెప్పాడు. "ఈ ఒక్కరోజు చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోకుండా చూడండి. మిగతావాళ్ళకేం ఫర్వాలేదు. రేపటికి అదే పోతుంది."

మా బావ ఏ మాటైనా సగమే వింటాడు. ఇంట్లో చిన్నపిల్లలు లేరు, కడుపుతో ఉన్నవాళ్ళూ లేరు. అయినా ముందుజాగ్రత్తగా తననే చిన్నపిల్లాడి కింద జమ కట్టుకున్నాడు. అందులో పెద్ద అబద్ధమూ లేదు, తన బనియన్లు ఎక్కడుంటాయో ఈనాటికీ తనకు తెలియదు.

ఇక చూడండి అణుశక్తి మహిమ! ఆమె చేతి వంట తినకూడదన్నారు. ఆమె మడతపెట్టిన బట్టలు తొడుక్కోకూడదన్నారు. అత్తగారైతే కోడలి గది ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే గోడకు బల్లిలా అతుక్కుని నడిచింది. బావ స్వయంగా స్టవ్ వెలిగించాడు! "ఉప్పు డబ్బా ఎక్కడ?" అని హాల్లోకొచ్చి కేకేశాడు. స్కాన్‌కి తోడు వెళ్ళి ఆ ఇంట్లోనే దిగిన నేను తలుపు సందులోంచి చూశాను. అక్క నిద్రపోతోంది. ఆ ముఖంలో అంత నెమ్మది చూసి ఎన్నేళ్ళయిందో!

మర్నాడు బావ తలుపవతలే నిలబడి అడిగాడు. "ఏమోయ్, పోయిందా?"

"ఏమోనండీ... ఇంకా కొంచెం ఉన్నట్టే ఉంది" అంది అక్క, దుప్పటి మీదికి లాక్కుంటూ.

ఆ కొంచెం వారం దాకా సాగింది. శాస్త్రవేత్తలు ఏమంటారో నాకనవసరం!

రిపోర్టు వచ్చింది. పిత్తాశయం నిండుతోంది కానీ, తిన్న తర్వాత ముడుచుకుని రసం వదలాల్సింది వదలడం లేదట. రాళ్ళు లేకపోయినా నొప్పి అందుకేనట.

"అంటే, పని మానేసిందా?" అని అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. కోడలి వెంట ఆ ఇంటికి వచ్చినవాటిలో పని మానేసే ధైర్యం చేసింది అదొక్కటే మరి! బావ రిపోర్టును అటూ ఇటూ తిప్పి చూసి, "పాపం, నిజంగానే నొప్పే" అని తేల్చాడు. ఏళ్ళ తరబడి అక్క నోటితో చెబితే గ్యాసు, కెమెరా ఒక్క పూటలో చెబితే జబ్బు. ఇంతకంటే గొప్ప యంత్రం ఉందా?

ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేశారు. నొప్పి పోయింది. కుట్లు మానాక చూపించుకోవడానికి వెళితే డాక్టరమ్మ సంబరంగా, "ఇంక మీకు ఆ స్కాన్‌తో పనిలేదమ్మా. ఇంటికెళ్ళి మామూలుగా పనులన్నీ చేసుకోవచ్చు" అంది.

"బతికించారు" అని బావ చేతులెత్తి దండం పెట్టాడు.

అక్క మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"నాళాలు ఇంకా లోపలే ఉన్నాయి కదా డాక్టరుగారూ" అంది మెల్లగా. "వాటికీ ఓసారి ఆ స్కాన్ తీయకూడదూ?"