శ్రీశైలం పెట్టిన సైన్సు సంతకం

మిరపకాయలు ఏరడమంటే శ్రీశైలానికి ఒళ్ళు మంట. మాటవరసకు మంట కాదు, అసలైన మంట. ఆదివారం అత్తగారి తోటలో దిగితే మంగళవారం దాకా ముఖం కడుక్కోవడానికి జంకేవాడు.

మణుగూరు బొగ్గు కాలనీలో అతనిది రాయి ఏరే ఉద్యోగం. బెల్టు మీద బొగ్గు కదిలిపోతుంటే అందులో కలిసిన రాతిముక్కల్ని తీసి పక్కన పడేయాలి. వారంలో ఆరు రోజులు రాళ్ళు, ఏడో రోజు జూలూరుపాడులో మిరపకాయలు. బ్రహ్మదేవుడు తన నుదుట "ఏరు" అని ఒక్క మాట రాసి కలం మూసేశాడని అతని అనుమానం.

భార్య మధులతకు అలాంటి అనుమానాలేమీ లేవు. తల్లి సోమమ్మ ఒంటరిగా రెండెకరాల మిరప వేసింది. ఫిబ్రవరిలో చాలినంతమంది కూలీలు దొరకరు, సెలవున్న అల్లుడు దొరుకుతాడు. అంతటితో ఆ విషయం తేలిపోయింది.

అలాంటి రోజుల్లో, రెండు వేల ఆరో సంవత్సరంలో, కాలనీ బోర్డు మీద ఒక నోటీసు అతికించారు. పట్నంలోని మ్యూజియం వాళ్ళు వ్యానులో వస్తున్నారు. వరసగా నాలుగు ఆదివారాలు, సాయంత్రం నాలుగింటికి కమ్యూనిటీ హాల్లో సైన్సు ఉపన్యాసం, ఆపైన సినిమా. అందరూ ఆహ్వానితులే.

శ్రీశైలం ఆ నోటీసును రెండుసార్లు చదివి, ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు.

"లతా, ఈ నాలుగు ఐతారాలు నేను తోటకు రాను. సైన్సు లెక్చర్లున్నయి."

"నీకు సైన్సా? పదోతరగతిల సైన్సు పేపరు మూడుసార్లు రాస్తివి గద!"

"అవ్. అప్పుడు అర్థం కానిది ఇప్పుడన్న అర్థం చేసుకుంట."

"మరి మిరపకాయలు ఎవరు ఏరాలె?"

"మిరపకాయలు మళ్ళ కాస్తయి. మ్యూజియం మళ్ళ వస్తదా?"

మధులత అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "సరే తియ్. కని వాళ్ళు ఏం చెప్పిన్రో ఇంటికొచ్చినంక నాకు గూడ చెప్పాలె. నేనొక్కదాన్నే తెలివిలేనిదాని లెక్క ఎందుకుండాలె?"

ఇంత తేలిగ్గా గెలిచినందుకు శ్రీశైలానికి కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. ఆ చిన్నతనం అన్నం తినేదాకా ఉంది.

మొదటి ఆదివారం మధులత తెల్లారే బస్సెక్కి జూలూరుపాడు వెళ్ళిపోయింది. శ్రీశైలం పన్నెండింటి దాకా నిద్రపోయి, నాలుగింటికి తల దువ్వుకొని హాలుకు బయలుదేరాడు.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు ఉంది. శ్రీశైలానికి తెలిసిన హాజరు ఒక్కటే, మస్టర్. డ్యూటీ ఎక్కేటప్పుడు గుమాస్తా వేలు చూపించిన చోట సంతకం పెడితే మనిషి వచ్చినట్టే. ఆ కాగితాన్ని చదివే అలవాటు కాలనీలో ఎవరికీ లేదు. ఇక్కడ మూడు గళ్ళున్నాయి. మూడింటిలోనూ సంతకం గిలికి, ముందు తలుపులోంచి లోపలికి వెళ్ళి, పక్క తలుపులోంచి బయటపడ్డాడు. ఐదు నిమిషాల్లో స్నేహితుడు పూల్‌సింగ్ క్వార్టరులో క్యారమ్ బోర్డు ముందు ఉన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర మధులత అడిగింది. "ఏం చెప్పిన్రు?"

బోర్డు మీద తిమింగలం బొమ్మ చూసిన గుర్తు అతనికి. "తిమింగలం గురించి. అబ్బో, మన క్వార్టరు అసొంటివి పది పడతయి దాని కడుపుల."

"పిల్లల్ని కంటదా అది?"

"పిచ్చిదానా, చేప పిల్లల్ని కంటదా? గుడ్లు పెడతది. ఒక్కో గుడ్డు మన నీళ్ళ డ్రమ్మంత."

"మరి పాలిస్తదా పిల్లలకు?"

"నీళ్ళల్ల పాలెట్లిస్తదే, కలిసిపోవా?"

మధులత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్ళింది. తన పాండిత్యానికి ఆడది తట్టుకోలేకపోయిందని శ్రీశైలం అనుకున్నాడు.

రెండో వారం చంద్రుడి వంతు.

"నెలనెలా చంద్రుడు ఎందుకు తగ్గిపోతడంట?"

"మబ్బులు అడ్డమొస్తయి."

"నెలనెలా గదే లెక్కన వస్తయా?"

"మరి? వాటికి గూడ షిఫ్టులుంటయి."

ఈసారి మధులతకు పొలమారింది. శ్రీశైలం నెత్తి మీద తట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. చదువుకోనివాళ్ళకు విజ్ఞానం కొంచెం కొంచెంగానే ఇవ్వాలని ఆ పూటే నిర్ణయించుకున్నాడు. మూడో వారం బొగ్గు మీద ఉపన్యాసం. ఎప్పటిలాగే సంతకాలు పెట్టి క్యారమ్స్ ఆడి వచ్చి, మధులత అడిగితే, "పదిహేనేండ్ల సంది బొగ్గులనే ఉన్న, నాకు చెప్పేదేంది వాళ్ళు?" అని ఆ ఒక్కటీ దాటేశాడు.

మర్నాడు డ్యూటీ దిగి వస్తుంటే పూల్‌సింగ్ ఎదురొచ్చాడు. "ఏందిరా భై, లీడరయినవా? బోర్డు మీద నీ పేరున్నది."

ఉంది. "ముగింపు సభలో మన కాలనీ తరఫున శ్రీ శ్రీశైలం గారు బొగ్గు పుట్టుక గురించి పది నిమిషాలు ప్రసంగిస్తారు."

శ్రీశైలం పరుగున హాలుకు వెళ్ళి రిజిస్టరు తెరిపించాడు. మొదటి గడి హాజరు. రెండో గడి చిరునామా సరైనదే అన్నందుకు. మూడో గడి మీద, "చివరి వారం ప్రసంగించుటకు నాకు సమ్మతమే." మూడు వారాల్లో మూడుసార్లు సమ్మతించాడు. కాలనీ మొత్తంలో అంత ఉత్సాహం చూపించిన మనిషి ఇంకొకడు లేడు.

"చదవలేదా సార్?" అన్నాడు వాచ్‌మన్.

"మస్టర్ ఎవడన్న చదువుతడా అయ్యా?"

శనివారం రాత్రికి అతని గొంతు తేనెలో తడిసింది. "లతా, రేపు తోటకు పోదామా? పాపం, అత్త ఒక్కతే ఎన్నని ఏరుతది? నాకు మనసొప్తలేదు."

"వద్దు. అమ్మనే ఇక్కడికొస్తున్నది. నీ లెక్చరు ఇననీకి."

మిరప తోట కోసం శ్రీశైలం అంతగా ప్రాధేయపడటం అదే మొదటిసారి. మధులత ఒప్పుకోలేదు.

హాలు కిక్కిరిసింది. ముందు వరసలో సోమమ్మ, పక్కన మధులత. మ్యూజియం ఉపన్యాసకురాలు కళావతి మేడమ్ పరిచయం చేసి, మైకు అతని చేతికి ఇచ్చింది.

"బొగ్గు అంటే..." అన్నాడు శ్రీశైలం. "నల్లగుంటది."

పూల్‌సింగ్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

"ఎందుకు నల్లగుంటదంటే... లోపల చీకటి గనుక."

హాలు ఘొల్లుమంది. కళావతి మేడమ్ జాలిపడి, "అది భూమిలోకి ఎలా చేరిందో చెప్పండి" అని అందించింది.

"పాతకాలం రాజులు... వంటలకు కట్టెలు కాల్చి... మిగిలింది ఎవరన్న ఎత్కపోతరని పాతిపెట్టిన్రు."

సోమమ్మ ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడింది. "కాదు అల్లుడా! మనుషులే పుట్టని నాటి ముచ్చట అది. చెట్లు బురదల కూలినయి. కుళ్ళిపోకముందే మీద మన్ను పడ్డది. మన్ను మీద మన్ను. ఆ బరువుకు, ఆ కాకకు, కోట్ల ఏండ్లకు బొగ్గయింది. రాజులేంది, వంటలేంది!"

హాలంతా చప్పట్లు. కళావతి మేడమ్ ముఖం విప్పారింది. "సోమమ్మగారూ, మీరా! ప్రతి ఆదివారం పదకొండింటికి జూలూరుపాడు హైస్కూల్లో ఇదే ఉపన్యాసం, ఇదే సినిమా చూపించాకే ఇక్కడికి వస్తాం. ఈ తల్లీకూతుళ్ళు, వాళ్ళ కూలీలు మూడు వారాలూ ముందు వరసే!"

శ్రీశైలానికి అప్పుడు వెలిగింది. పొద్దున తిమింగలం పిల్లకు పాలివ్వడం కళ్ళారా చూసి వచ్చిన మనిషికి, రాత్రి తను గుడ్డు కొలతలు చెప్పాడు. మధులత కొంగు నోట్లో కుక్కుకొని ఊగిపోతోంది, కళ్ళలో నీళ్ళు.

కళావతి మేడమ్ మంచిది. అతను స్టేజీ దిగిపోకుండా ఒక పలక రాయి తీసి చేతిలో పెట్టింది. రాతి మీద ఒక ఆకు. నడిమి ఈనె, పక్క ఈనెలు, తొడిమతో సహా.

శ్రీశైలం మైకు సంగతి మర్చిపోయాడు. "ఇది నిజం ఆకేనా మేడమ్?"

"దాదాపు ఇరవై ఐదు కోట్ల ఏళ్ళ నాటిది."

"ఇసొంటివి నేను లారీలకు లారీలు పారేసిన మేడమ్. ఎవరో చెక్కిన్రనుకున్న."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పదిహేనేళ్ళు తన చేతుల మీదుగా పోయిందేమిటో ఒక్క గంట కూర్చుంటే తెలిసేది. ఆ గంటలో తను క్యారమ్స్ ఆడాడు. బొగ్గు సినిమా మళ్ళీ వేస్తారా అని సిగ్గు విడిచి అడిగాడు. ఇక్కడ ఇదే ఆఖరు, జూలూరుపాడు వాళ్ళు గట్టిగా పట్టుబట్టడంతో వచ్చే ఆదివారం అక్కడ మాత్రం బొగ్గు సినిమా ఇంకోసారి వేస్తున్నాం అంది మేడమ్.

ఆ ఆదివారం మధులత కంటే ముందు అతనే లేచి బస్టాండులో నిలబడ్డాడు. తోటలో సాళ్ళకు సాళ్ళు ఏరాడు. కూలీలకు అతని తిమింగలం సంగతి ఎప్పుడో చేరింది. "గుడ్డు అల్లుడొచ్చిండు" అని కిసుక్కున నవ్వుకున్నారు. వేళ్ళు భగ్గుమంటున్నా సినిమా కోసం ఓర్చుకున్నాడు.

పదకొండింటికి తోట పక్కనున్న హైస్కూల్లో వ్యాను హారన్ వినిపించింది. అందరికంటే ముందు శ్రీశైలం బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నాడు.

"నువ్వెటు అల్లుడా?" అంది సోమమ్మ. "కల్లంల మిర్చి ఆరబోసినం. మేకలు తిరుగుతున్నయి. ఒకలు కావలుండాలె గద."

"అత్తా, నేను సినిమాకని..."

"నువ్వు మణుగూరుల చూస్తివి గదయ్యా," అంది మధులత, మెత్తగా. "నీ సంతకం గూడ ఉన్నది."

సంతకం ఉన్న మాట నిజం. శ్రీశైలం కావలి కర్ర అందుకున్నాడు.

అందరూ కబుర్లాడుకుంటూ వెళ్ళిపోయారు. కాసేపటికి స్కూలు కిటికీల్లోంచి కళావతి మేడమ్ గొంతు సన్నగా వినిపించింది. ఆకు అంటోంది, బురద అంటోంది, కోట్ల ఏళ్ళు అంటోంది. సగం మాటలు గాలికి పోతున్నాయి. శ్రీశైలం కర్ర పట్టుకొని ఒక్కో అడుగే వేస్తూ గట్టు చివరిదాకా వెళ్ళాడు, కంచె మీదికి వంగి చెవి ఒగ్గాడు. ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

వెనక కల్లంలో మేక తుమ్మింది.